టీవీ షోల మర్చండైజ్: అభిమానుల కోసం వస్తువులు చేయించే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

వెబ్ సిరీస్ తీస్తున్న కుర్రాళ్ళు, ఛానెళ్ళలో పనిచేసే మిత్రులు, యూట్యూబ్‌లో పిల్లల కార్టూన్లు చేసేవాళ్ళు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. మర్చండైజ్ అంటే షో పేరుతోనో, పాత్రలతోనో వచ్చే టీషర్టు, కప్పు, బొమ్మ, స్టిక్కర్, చీర, ఏదైనా సరే.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నప్పుడు

జనం షో చూస్తూనే ఉన్నారు కదా, మళ్ళీ ఈ టీషర్టులూ కప్పులూ ఎందుకు?

ఎపిసోడ్ అరగంటలో అయిపోతుంది. మిగతా రోజంతా ఆ షో మీద ఇష్టాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? 2000ల్లో బడికి వెళ్ళినవాళ్ళను అడగండి. ఇంటర్వెల్ గంట కొట్టగానే వరండాలో కూర్చుని డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఆడేవాళ్ళు, చిప్స్ ప్యాకెట్లలో వచ్చే పోకెమాన్ టాజోలు (గుండ్రటి బిళ్ళలు) మార్చుకునేవాళ్ళు, ప్లాస్టిక్ టబ్బులో బేబ్లేడ్ బొంగరాలు తిప్పేవాళ్ళు. ఇంట్లో కేబుల్ లేని పిల్లాడు కూడా ఆ కార్డుల వల్లే ఆటలో కలిసేవాడు. టీవీ కట్టేశాక కూడా అభిమానులు ఒకరితో ఒకరు చేసుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి. ఆ పని చేసేది వస్తువే. డబ్బు వస్తే మంచిదే కానీ, నా దృష్టిలో మొదటి లాభం ఇది.

ముందు షో హిట్ కావాలా, లేక సరుకు ముందే సిద్ధంగా ఉండాలా?

రెండు వైపులా ఉదాహరణలున్నాయి. 2019 నవంబర్‌లో డిస్నీ వారి స్టార్ వార్స్ సిరీస్ 'ది మాండలోరియన్' మొదలైనప్పుడు బేబీ యోడా అని జనం ముద్దుగా పిలుచుకున్న చిన్న పాత్రను రహస్యంగా ఉంచారు. బొమ్మలు ముందే తయారు చేయిస్తే ఎక్కడో ఒకచోట బయటపడుతుందని దర్శకనిర్మాత జాన్ ఫావ్రో డిస్నీని ఆపమన్నాడు. పాత్ర చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది, కానీ ఆ క్రిస్మస్‌కు దుకాణాల్లో సరైన బొమ్మ లేదు. అభిమానులు ఊలుతో సొంతంగా అల్లుకున్నారు. కథలోని ఆశ్చర్యాన్ని కాపాడటం కోసం ఒక సీజన్ అమ్మకం వదులుకోవడం నాకు సరైన నిర్ణయంగానే అనిపిస్తుంది.

జపాన్ గుండం కథ ఇంకో రకం. 1979 ఏప్రిల్‌లో మొదలైన ఆ రోబోల యానిమేషన్ సీరియల్‌ను 52 ఎపిసోడ్లు అనుకుని 43తోనే ముగించేశారు. రేటింగులు బాగాలేవు, స్పాన్సర్ చేసిన కంపెనీ బొమ్మలు అమ్ముడుపోలేదు. 1980లో బండాయ్ కంపెనీ అదే రోబోలను పిల్లలు తామే బిగించుకునే ప్లాస్టిక్ మోడళ్ళుగా 300 యెన్లకు తెచ్చింది. ఆగిపోయిన షోకు మళ్ళీ ప్రాణం వచ్చింది. గుండం ఇప్పటికీ నడుస్తోందంటే అందులో ఆ మోడళ్ళకు పెద్ద వాటా ఉంది.

చిన్న షోలు చేసేవాళ్ళకు నా సలహా: డిజైన్లు, రేట్లు, సాంపిళ్ళు ముందే సిద్ధం చేసుకోండి. సరుకు మాత్రం అడిగేవాళ్ళు వచ్చాకే చేయించండి.

మాది చిన్న వెబ్ సిరీస్. ఎన్ని వ్యూస్ వస్తే మొదలుపెట్టొచ్చు?

వ్యూస్ చూసి మోసపోవద్దు. మేం ఒక చిన్న సిరీస్‌కు వ్యూస్ లెక్క చూసుకునే 200 టీషర్టులు వేయించాం. నాలుగు నెలల్లో 60 కూడా పోలేదు. తర్వాత కామెంట్లు మళ్ళీ చదివితే అర్థమైంది: జనం మా షో చూసి నవ్వుకుని వెళ్ళిపోతున్నారు, మళ్ళీ మళ్ళీ రావడం లేదు. మీరు వెతకాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. కామెంట్లలో మీ డైలాగులతోనే ఒకరికొకరు జవాబులిచ్చుకుంటున్నారా? పాత్రల బొమ్మలు గీసి పంపుతున్నారా? "ఆ అబ్బాయి మెడలో ఉన్న లాకెట్ ఎక్కడ దొరుకుతుంది" లాంటి ప్రశ్నలు వస్తున్నాయా? ఇవి వందమంది దగ్గర కనిపించినా మొదలుపెట్టవచ్చు.

## ఏ వస్తువు చేయాలో తేల్చుకునేటప్పుడు

టీషర్టు మీద షో పేరు పెద్దగా వేస్తే సరిపోదా?

సరిపోదు. అలాంటిది ప్రచారానికి పంచిపెట్టే టీషర్టులాగే ఉంటుంది. కథలో ఎవరో వాడిన వస్తువు అయితే అభిమాని దాన్ని వేరేగా చూస్తాడు. 2021 సెప్టెంబర్‌లో కొరియా సిరీస్ 'స్క్విడ్ గేమ్' వచ్చినప్పుడు జనం వెతికింది లోగో కోసం కాదు. ఆకుపచ్చ ట్రాక్‌సూట్, దాని మీద 456 అంకె, గుండ్రటి రేకు డబ్బాలో డల్గోనా మిఠాయి. ఆ ట్రాక్‌సూట్‌లో నిలబడితే చూసినవాడికి వెంటనే తెలిసిపోతుంది, చూడనివాడికి అది మామూలు బట్ట. ఆ తేడాయే అభిమానికి ఇష్టం.

డిజైన్ మొదలుపెట్టే ముందు మీ ఎపిసోడ్లన్నీ కూర్చుని మళ్ళీ చూడండి. ఫ్రేమ్‌లో తరచుగా కనిపించే వస్తువుల జాబితా రాయండి: హీరో టీ తాగే గ్లాసు, హాస్టల్ గది తాళంచెవికి ఉన్న కీచైన్, నాయనమ్మ కళ్ళజోడు డబ్బా. సగం డిజైన్లు అక్కడే దొరుకుతాయి.

మన తెలుగు సీరియళ్ళకు ఏం చేస్తారు? సూపర్ హీరోలూ కత్తులూ లేవుగా!

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే మనం చేయగలిగింది చాలా ఉండి కూడా చేయనిది ఇక్కడే. సీరియల్‌లో నాయిక కట్టిన చీర కావాలని షాపులో అడిగే ఆడవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. నల్లపూసల డిజైన్ చూసి ఫోన్‌లో ఫొటో తీసుకుని కంసాలి దగ్గరికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. అంటే గిరాకీ ముందే ఉంది. కథను సొంతం చేసుకున్న ప్రేక్షకులూ ఉన్నారు. లేనిది షో తరఫున వచ్చే మంచి వస్తువే.

స్టార్ మాలో 2017లో మొదలైన 'కార్తీక దీపం' తీసుకోండి. అందులోని దీపను ఇంటింటా వంటలక్క అనే పిలిచారు. అలాంటి పాత్ర పేరుతో రావాల్సింది టీషర్టు కాదు, పోపుల పెట్టె. స్టీలుది, మూత గట్టిగా పట్టేది, లోపల ఏడు గిన్నెలు, మూత వెనక చిన్నగా పాత్ర గుర్తు. దాన్ని కొన్న ఆవిడ రోజుకు రెండుసార్లు తెరుస్తుంది, పదేళ్ళు వాడుతుంది, కూతురికి చూపించి కథ చెబుతుంది. సీరియల్ ప్రేక్షకుల్లో ఎక్కువమంది ఇల్లు నడిపే ఆడవాళ్ళు. వాళ్ళు వస్తువును వాడి చూసి విలువ కడతారు, నాసిరకం అంటగడితే క్షమించరు. అందుకే వాళ్ళ కోసం చేసేది గట్టిగా, పనికొచ్చేలా ఉండాలి.

పండగ సీజన్‌ను కూడా మనం వాడుకోవడం లేదు. సంక్రాంతికి, దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళున్నాయి. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో, ఏటికొప్పాకలో అంకుడు చెక్కతో లక్క రంగులద్ది బొమ్మలు చేసే కళాకారులున్నారు. ఒక ఉమ్మడి కుటుంబం సీరియల్‌లోని తాతయ్య, అమ్మమ్మ, కోడళ్ళు, పిల్లలు కొండపల్లి బొమ్మల వరుసగా వస్తే కొలువులో ఒక మెట్టంతా వాళ్ళదే. ఎవరైనా నిర్మాత ఇది చదివి ప్రయత్నిస్తే మొదటి సెట్టు నేనే కొంటాను.

ఛోటా భీమ్ బ్యాగుల మీదా, పెన్సిల్ బాక్సుల మీదా, అంతటా ఎలా కనిపిస్తాడు?

ఛోటా భీమ్‌ను చేసింది మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్, రాజీవ్ చిలక సంస్థ. 2008లో పోగో ఛానెల్‌లో మొదలైంది. పాత్ర రూపం చాలా సులువు: నారింజ రంగు ధోవతి, బొద్దు ఒళ్ళు, చేతిలో లడ్డు. చిన్న సైజులో అచ్చు వేసినా, చౌక ప్లాస్టిక్ మీద వేసినా పిల్లలు గుర్తుపడతారు. పైగా లడ్డు తింటే బలం వస్తుందన్న సంగతి కథలోనే ఉంది కాబట్టి ఆటకూ, తిండికీ, పుట్టినరోజు అలంకరణకూ అన్నిటికీ దారి దొరికింది. ఆ సంస్థ సొంతంగా దుకాణాలు కూడా తెరిచింది. పాత్ర గీస్తున్నప్పుడే దాన్ని అరంగుళం స్టిక్కర్ మీద వేసి చూడండి. అక్కడ గుర్తుపట్టలేకపోతే గీతలు తగ్గించాలి.

అభిమానులే డిజైన్లు పంపుతున్నారు. వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కానీ రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, పేరు వేసి, డబ్బు ఇచ్చి. ప్లాస్టిక్ ముక్కలు బిగించి ఆడే బొమ్మలు చేసే లెగో కంపెనీ ఐడియాస్ అనే పద్ధతి నడుపుతోంది. అభిమాని తన నమూనా పెడతాడు, 10,000 మంది మద్దతు వస్తే కంపెనీ పరిశీలిస్తుంది, ఎంపికైతే అమ్మకాల్లో 1 శాతం అతనికి వస్తుంది. 'ఫ్రెండ్స్' సీరియల్‌లోని సెంట్రల్ పెర్క్ కాఫీ షాపు 2019లో అలాగే 1,070 ముక్కల సెట్టుగా వచ్చింది. అభిమాని గీసిన బొమ్మను చెప్పకుండా తీసి టీషర్టు మీద వేస్తే, మీ మీద అందరికంటే ఎక్కువ ప్రేమ ఉన్న మనిషినే మీరు పోగొట్టుకుంటారు.

## హక్కులు, కాగితాలు

షో మాదే, నటుడూ మావాడే. అతని ఫొటో కప్పు మీద వేయడానికి మళ్ళీ అడగాలా?

అడగాలి. షోలో నటించడానికి ఇచ్చిన అంగీకారం వస్తువుల మీద ముఖం వేసి అమ్ముకోవడానికి చాలదు, ఒప్పందంలో ఆ మాట విడిగా ఉండాలి. గాయకుడు దలేర్ మెహందీ పోలికలతో పాటలు పాడే బొమ్మలు అమ్మినందుకు ఆయన సంస్థ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2010లో ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. 2023లో నటుడు అనిల్ కపూర్ పేరు, గొంతు, రూపం అనుమతి లేకుండా వాడుకోవడాన్ని, వస్తువులతో సహా, అదే కోర్టు ఆపింది. నటులతో మొదటి రోజే కూర్చుని, ముఖం వాడితే ఎంత శాతం అనేది రాసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. చిన్న నటులను ఈ విషయంలో మరిచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పాత్ర మీద హక్కు ఎవరిది? రాసినవాడిదా, బొమ్మ గీసినవాడిదా, నిర్మాతదా?

ఒప్పందంలో ఏం రాసుంటే అదే. బీబీసీ వారి సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'లో 1963 డిసెంబర్‌లో డాలెక్‌లు అనే విలన్లు వచ్చాయి. తర్వాతి రెండేళ్ళలో బ్రిటన్ పిల్లలు డాలెక్ బొమ్మల కోసం ఎగబడ్డారు. వాటిని రాసిన టెర్రీ నేషన్ బయటి రచయిత కాబట్టి హక్కుల్లో వాటా దక్కింది, ధనవంతుడయ్యాడు. వాటికి ఆ రూపం ఇచ్చిన రేమండ్ క్యూసిక్ బీబీసీ ఉద్యోగి. ఆయనకు జీతం కాక దక్కింది 100 పౌండ్ల బహుమానం. పిల్లలు కొన్నది ఆ రూపాన్నే. చట్టప్రకారం తప్పు లేకపోవచ్చు, కానీ మీ పాత్రను గీసిన ఆర్టిస్టు జీతం మీద ఉన్నా సరే, వస్తువుల అమ్మకంలో చిన్న వాటా రాసివ్వండి.

కాపీరైట్, ట్రేడ్‌మార్క్, డిజైన్ రిజిస్ట్రేషన్. మూడూ కావాలా?

మూడూ మూడు పనులు చేస్తాయి. గీసిన బొమ్మకు, రాసిన కథకు కాపీరైట్ దానంతటదే వస్తుంది. షో పేరుకు, లోగోకు ట్రేడ్‌మార్క్ తీసుకోవాలి, అదీ వస్తువుల తరగతిని బట్టి: బట్టలకు 25, ఆటబొమ్మలకు 28, కప్పులకు 21, స్టిక్కర్లు, నోట్‌బుక్కులకు 16. సినిమా, టీవీ తరగతిలో మాత్రమే తీసుకుని ఊరుకున్నవాళ్ళు తర్వాత ఇబ్బంది పడతారు.

చాలామందికి తెలియని చిక్కు డిజైన్ దగ్గర ఉంది. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేయదగ్గ రూపాన్ని రిజిస్టర్ చేయకుండా యంత్రాల మీద 50 కంటే ఎక్కువ కాపీలు చేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. కొత్త రకం బొమ్మ ఆకారం తెస్తుంటే, బయట చూపించకముందే డిజైన్ రిజిస్ట్రేషన్ పెట్టండి. ముందు 10 ఏళ్ళు, తర్వాత మరో 5 ఏళ్ళు రక్షణ ఉంటుంది. ఈ ఒక్క విషయానికి లాయర్ ఫీజు దండగ కాదు.

మా సీరియల్ పేరును ఎవరో ప్రకటనలో వాడుకున్నారు. ఆపించగలమా?

పేరు ఒక్కటే ఉంటే కష్టం. 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' అనే హిందీ సీరియల్ పేరును తలపించే డిటర్జెంట్ ప్రకటన మీద స్టార్ ఇండియా కోర్టుకెళ్ళింది. 2002లో బొంబాయి హైకోర్టు ఆ ప్రకటనను ఆపలేదు. పాత్రలను వస్తువుల మీదికి తేవాలంటే, షో బయట కూడా వాటికి సొంత గుర్తింపు వచ్చి ఉండాలని కోర్టు చెప్పింది. కాబట్టి ట్రేడ్‌మార్క్ ముందే తీసుకుని, చిన్న స్థాయిలోనైనా అధికారిక వస్తువులు అమ్ముతూ, ఆ బిల్లులు దాచుకోండి.

రాయల్టీ అంటే ఎంత? ఎలా లెక్కకడతారు?

తయారీదారుకు లైసెన్సు ఇస్తే అతను టోకు అమ్మకం మీద మీకు శాతం ఇస్తాడు. 5 నుంచి 15 శాతం మధ్య మాట్లాడుకోవడం మామూలు. పెద్ద పేరైతే కనీస హామీ మొత్తం ముందే అడుగుతారు. ఒప్పందంలో మూడు విషయాలు వదలొద్దు: సాంపిల్ మీరు ఒప్పుకున్నాకే తయారీ, మూడు నెలలకోసారి లెక్కల పత్రం, గడువు అయ్యాక మిగిలిన స్టాకు అమ్ముకోవడానికి ఎన్నాళ్ళు అన్నది.

## తయారీ, అమ్మకం

పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరా?

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకు తప్పనిసరి. గుడ్డతో కుట్టిన మెత్తటి బొమ్మలు కూడా ఇందులోకే వస్తాయి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవారికి, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) ఉన్న బొమ్మల అధీకృత తయారీదారులకు మినహాయింపు ఉంది. బయటి నుంచి తెప్పిద్దామనుకుంటే సుంకం చూసుకోండి: 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు.

ఎన్ని పీసులు వేయించాలి?

ముందు ప్రీ ఆర్డర్లు తీసుకోండి. పది రోజులు ఆర్డర్లు, తర్వాత మూడు వారాల్లో డెలివరీ అని స్పష్టంగా చెబితే అభిమానులు ఓపిక పడతారు. టీషర్టుల్లో అన్ని సైజులూ సమానంగా వేయించడం మొదటిసారి అందరూ చేసే పొరపాటు. ఆర్డర్లలో వచ్చిన సైజుల నిష్పత్తినే నమ్మండి. 180 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) కంటే పల్చటి గుడ్డ వద్దు. సాంపిల్‌ను ఐదుసార్లు ఉతికి చూడండి. మాకు ఒక ప్రెస్సు ఇచ్చిన ప్రింటు మూడో ఉతుకుకే పగిలింది, కొన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి డబ్బు వెనక్కిచ్చాం. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే తిరిగొచ్చే పార్సిళ్ళకు రెండువైపులా కొరియర్ ఖర్చు మీదే అవుతుంది.

ప్యాకెట్ మీద ఏం రాయాలి?

ఎంఆర్‌పీ, తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, పరిమాణం, తయారైన నెల, ఏడాది, ఫిర్యాదులకు ఫోన్ నంబరు. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో కూడా.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు అడుగుతున్నారు. పంపడం గిట్టుబాటవుతుందా?

ఒక్కొక్క కప్పును ఇక్కడి నుంచి పార్సిల్ చేస్తే కప్పు ధర కంటే కొరియర్ ఎక్కువవుతుంది. స్టిక్కర్లు, పిన్నులు, పోస్టర్ల లాంటి తేలికపాటివి పంపండి. బట్టలైతే అక్కడే ఆర్డరుకొకటిగా ముద్రించి పంపే సంస్థలకు డిజైన్ ఇవ్వొచ్చు. అక్కడి తెలుగు సంఘాలైన తానా, ఆటా మహాసభల్లో స్టాల్ పెట్టగలిగితే ఇంకా మంచిది. మన షో టీషర్టు వేసుకున్న ఇద్దరు అక్కడ ఎదురుపడితే పలకరింపు తెలుగులోనే మొదలవుతుంది.

## సరుకు జనంలోకి వెళ్ళాక

నకిలీలు వచ్చేశాయి. ఏం చేయాలి?

ముందు చూడాల్సింది ఎవరు చేస్తున్నారన్నది. ఫ్యాక్టరీ పెట్టి వేలల్లో అచ్చేసేవాడికి లీగల్ నోటీసు పంపండి, ఆన్‌లైన్ అంగళ్ళలో ట్రేడ్‌మార్క్ పత్రం చూపిస్తే ఆ పేజీలు తీసేస్తారు. ఇంట్లో కూర్చుని పది కీచైన్లు చేసి స్నేహితులకు అమ్ముకునే కాలేజీ అమ్మాయికి మాత్రం నోటీసు పంపకండి. పిలిచి మాట్లాడండి, వీలైతే చిన్న లైసెన్సు ఇవ్వండి. నకిలీ ఎక్కువగా పోతోందంటే మీ ధర ఎక్కువైనా అయ్యుండాలి, మీ సరుకు ఆ ఊరికి చేరకపోయినా అయ్యుండాలి.

పిల్లలతో కొనిపించడానికే షో నడుపుతున్నారని తల్లిదండ్రులు అంటున్నారు. ఏం చెప్పాలి?

వాళ్ళ భయానికి చరిత్ర ఉంది. హీ-మ్యాన్ బొమ్మలు 1982లో వచ్చాయి, కార్టూన్ 1983లో. ఆ దశాబ్దంలో అమెరికాలో ఇలాంటి కార్టూన్లు అరగంట ప్రకటనలేనని విమర్శలు వచ్చాయి. 1990లో పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల సమయానికి చట్టంతో హద్దు పెట్టారు. మన దగ్గర ప్రకటనల మీద 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కొనమని పిల్లలకు నేరుగా చెప్పడం, అమ్మానాన్నలను ఒప్పించమనడం ప్రకటనల్లో కుదరదు.

ఇంకో దారీ ఉంది. 1969లో మొదలైన 'సెసమీ స్ట్రీట్'ను లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. బొమ్మల లైసెన్సుల డబ్బు మళ్ళీ పిల్లల కార్యక్రమాలకే వెళుతుంది. మీరు పిల్లల షో చేస్తుంటే ఎపిసోడ్ లోపల అమ్మకం మాట రానివ్వకండి. పాత్రతో "నన్ను కొనుక్కో" అనిపించకండి. పది రూపాయల స్టిక్కర్ ఒకటైనా ఉంచండి, కొనలేని పిల్లాడు బయట నిలబడకుండా ఉంటాడు.

షో అయిపోయింది. ఇంకా అమ్మొచ్చా?

అమ్మొచ్చు. 'ఫ్రెండ్స్' 2004లో ముగిసింది, దాని వస్తువులు ఇప్పటికీ కొంటున్నారు. అయితే ముగిసిన షోకు కొత్త సరుకు తరచుగా వద్దు. మొదటి ఎపిసోడ్ వచ్చిన తేదీకి ఏడాదికోసారి ఒక్క వస్తువు, తక్కువ సంఖ్యలో. షో తీసినవాళ్ళ సంతకంతో ఒక చిన్న కాగితం లోపల పెట్టండి.

అమ్ముడుపోని స్టాకు ఏం చేయాలి?

సగం ధరకు పెట్టి ముందు కొన్నవాళ్ళను నొప్పించకండి. మా దగ్గర మిగిలిన టీషర్టుల్లో కొన్ని షూటింగ్‌లో పనిచేసిన లైట్‌మెన్‌కు, డ్రైవర్లకు, భోజనం పెట్టిన వాళ్ళకు ఇచ్చాం. వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ వేరే షూటింగులకు అదే వేసుకొస్తాడని, ఎవరైనా అడిగితే ఆ సిరీస్ గురించి కూర్చోబెట్టి చెబుతాడని విన్నాను.